ఎడమవైపు గోడ

ముల్లు కదలడం లేదు. కదులుతూనే ఉండి ఉంటుంది గానీ, తను చూస్తున్నంతసేపూ కదలకూడదని పంతం పట్టినట్టుంది. మట్టి వస్తువులు కాల్చే కరెంటు బట్టీ పక్కన గోడకు బిగించిన, వేడి చూపే గుండ్రటి మీటరు, దాని అద్దం మీద ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్ళిపోయిన అమ్మాయెవరో గోళ్ళరంగుతో గీసిన ఎర్రగీత. ముల్లు ఆ గీత కిందికి దిగేదాకా మూత ఎత్తకూడదు. చేతులు కడుక్కోండి, నేల తుడవండి, ఇంకొకరి ఉలి ముట్టుకోకండి లాంటివన్నీ గోడల మీద రాసే ఉన్నాయి, ఎవరూ చదవరు. ఇదొక్కటి ఎక్కడా రాసి లేదు, అందరూ పాటిస్తారు. తొందర మాత్రం కిందటేడు పాటించలేదు. ఆగలేక మూత ఎత్తితే చల్లగాలి తగిలి, నెలంతా కూర్చుని చేసిన గిన్నె టప్పుమని నిలువునా చీలింది. తొందర అనేది ఇంట్లో పెట్టిన పేరు. డాక్టరు చెప్పిన రోజుదాకా ఆగకుండా పుట్టేసిందని పెద్దవాళ్ళు అనుకుంటుంటే విని అక్క పెట్టింది. అదే అక్క ఒకసారి కాలేజీకి వచ్చి, మెట్ల మీద నిలబడి, "ఒసేయ్ తొందరా!" అని కేకేసి తన దారిన తను పోయింది. గిన్నె చీలాక ఇక్కడ కూడా అసలు పేరు జోలికి ఎవరూ పోలేదు.

బయట హాల్లో కుర్చీలు లాగుతున్న చప్పుడు. ఇవాళ ప్రదర్శన. ఇళ్ళవాళ్ళు వస్తారు, చుట్టాలు వస్తారు, చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బొమ్మ ముందూ కాసేపు ఆగి, తల పంకించి, కాఫీ ఎక్కడిస్తున్నారో కనుక్కుంటారు. తన ఇంటినుంచి నాన్న వస్తాడు, అక్క వస్తుంది, అమ్మ రాదు. అది మాట్లాడుకోనక్కర్లేని సంగతి. పెళ్ళిళ్ళకే మానేసిన మనిషి దీనికి వస్తుందా? అలాంటిది పొద్దున తను చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే వంటింట్లోంచి గొంతు వచ్చింది. "నేనూ వస్తానే ఇవాళ." పాలు పొంగాయి అని చెప్పినంత మామూలుగా. "సరే," అంది తొందర. ఇంకేమంటుంది? వద్దంటుందా? బస్సెక్కింది, సీటు దొరికింది, కిటికీ దొరికింది, అయినా ఒక్క వీధి కూడా కంటికి ఆనలేదు. బట్టీలో ఉన్నది అమ్మ ముఖం. ఆ సంగతి అమ్మకు తెలియదు. అడిగితే వద్దంటుందని అడగలేదు. రాని మనిషిని అడగడమెందుకులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇప్పుడా రాని మనిషి వస్తోంది. అందరి మధ్యా నిలబడి తన ముఖాన్ని తను చూసుకోబోతోంది, ఉన్నది ఉన్నట్టు, వాలిన మూలతో సహా.

అమ్మ ఒకరోజు పొద్దున లేచి పళ్ళు తోముకుంటుంటే నోట్లోంచి నీళ్ళు నిలవకుండా జారిపోయాయి. ఎడమవైపు పెదవి చివర కిందికి వాలింది, ఎడమ కన్ను మూతపడనంది. నరం దెబ్బతిందన్నాడు డాక్టరు, చాలావరకు తగ్గుతుందన్నాడు. చాలావరకు తగ్గింది కూడా, ఆయన మాట తప్పలేదు. ఆ చాలావరకు పోగా మిగిలినదే అమ్మ ఎడమవైపు ఉండిపోయింది. నవ్వితే సగం నవ్వు, నిద్రపోతే సన్నటి తెల్లగీతలా తెరిచి ఉండే కన్ను. అంతకు ముందు అమ్మ కళ్ళజోళ్ళ దుకాణంలో ముందు కౌంటర్లో ఉండేది. వచ్చినవాళ్ళ ముఖంలోకి సూటిగా చూస్తూ, జోడు పెట్టి, వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకొచ్చి, చెవి దగ్గర కాడను వేలితో నొక్కి సరిచేసేది. "అందరి చెవులూ ఎగుడుదిగుడేనే, ఎవరికీ తెలీదంతే," అని ఇంటికొచ్చి నవ్వేది. అప్పుడు నవ్వు రెండువైపులా ఉండేది. ఆ దుకాణం నిండా అద్దాలే. జబ్బు చేశాక అమ్మే అడిగి లోపలి గదికి మారింది, అద్దాలు అరగదీసే మిషను దగ్గరికి. అక్కడ ముఖంతో పనిలేదు. ఇంట్లో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఒక ఆదివారం నాన్న ఒక్కడే భోజనాల బల్లను కాళ్ళు కీచుమంటుంటే లాగి అడ్డంగా తిప్పి వేశాడు. "ఇలా ఐతే ఫ్యాన్ గాలి బాగా వస్తుంది," అన్నాడు. ఫ్యాన్ అంతకు ముందూ అక్కడే ఉంది. ఆ పూట అమ్మ కూర్చునే కుర్చీకి ఎడమవైపు గోడ వచ్చింది. ఆ రోజునుంచి ఇంట్లో అందరూ అమ్మను కుడివైపునుంచే చూస్తూ అన్నం తిన్నారు. వీధిలో గోడ ఉండదు కదా, అక్కడ తొందరే గోడ. ఎప్పుడు మొదలైందో తెలియదు, ఎవరూ చెప్పలేదు, నడిచేటప్పుడు తను అమ్మ ఎడమ పక్కకు చేరిపోతుంది. పక్కన నడిచేవాళ్ళు ముఖం చూడరు. అలా ఏళ్ళ తరబడి అమ్మ ఎడమవైపే నడిచినా ఆ వైపు ఎలా ఉంటుందో తొందరకు తెలియకుండానే గడిచిపోయింది.

ముల్లు ఒక్క వెంట్రుక వాసి దిగింది. లేక తను తల వంచి చూడటంవల్ల అలా అనిపించిందో. గదిలో తడిమట్టి వాసన, ప్రెస్సు పక్కనుంచి ఇంకు వాసన, ఇనుప తీగమీద క్లిప్పులకు వేలాడుతున్న కాగితం అచ్చులు పంకా గాలికి కొద్దిగా ఊగుతున్నాయి. ఊగుతున్నది అమ్మే. వరసగా అమ్మలు. తొందర వాటి వంక చూసి చూపు తిప్పేసుకుంది. ఒకే మనిషి అన్నిసార్లు వేలాడుతుంటే మనిషిలా అనిపించదు, నలుపు ఎక్కడ పలచబడింది, ఏ మూల ఇంకు అంటలేదు, ఇవే కనబడతాయి. బొమ్మ గీసేటప్పుడూ అంతే. టీవీకి మాత్రం అమ్మ ముఖం దాచదు. టీవీ తిరిగి చూడదు కదా. అందుకని తొందర టీవీ పక్కన నేలమీద కూర్చుని, కాలేజీ పని, కుర్చీ బొమ్మ గీయాలి అని అబద్ధం చెప్పి, సీరియలు నడుస్తున్నంతసేపూ అమ్మ ముఖాన్ని నిండుగా, ఎదురుగా, మొదటిసారి చూసింది. గుండె పట్టేస్తుందేమో, కళ్ళు తడుస్తాయేమో అని ముందే భయపడింది. ఏమీ కాలేదు. ముక్కు పక్కనుంచి గడ్డందాకా దిగే మడత కుడివైపు లోతుగా, ఎడమవైపు దాదాపు చెరిగిపోయి ఉంది, పెదవి మూల కింద చిన్న నీడ, అది త్రికోణం. త్రికోణం అనుకుంది తను. సొంత తల్లిని చూస్తూ త్రికోణం అనుకుంది! సీరియలు అయిపోయి అమ్మ లేచి, "అయిందా నీ కుర్చీ?" అంటే, "కాళ్ళు మిగిలాయి," అంది. ఆ రాత్రి పడుకున్నాక ఆ త్రికోణం గుర్తొచ్చి భయం వేసింది, తనలో ఏదో ఒకటి తక్కువైందేమోనని.

ఆ స్కెచ్చును కాగితం మీద పెద్దది చేసి సిరాతో దిద్దినప్పుడు జరిగిందేమిటో తను చూసుకోనేలేదు. మట్టిపనీ బొమ్మలూ రెండూ చెప్పే మాస్టారికి ఊఁ మాస్టారని పేరు. ఏం చూపించినా ఊఁ అంటాడు. ఆ ఊఁ పొడుగును బట్టి మార్కులు ఎన్నొస్తాయో పిల్లలు పందేలు వేసుకుంటారు. సిరా బొమ్మ చూసి ఆయన ఊఁ అనలేదు. "బాగా గీశావు. మనిషెక్కడికి పోయింది?" అన్నాడు. ఇంటికి వచ్చి స్కెచ్చు పక్కన పెట్టి చూసుకుంటే తెలిసింది. చెయ్యి తనంతట తను నోటిని సరిచేసేసింది. రెండువైపులా సమానంగా, కళ్ళజోళ్ళ దుకాణం రోజుల నాటిలా. ఎవరూ చెప్పకుండానే బల్ల తిప్పిన నాన్నలాగే తన చెయ్యి కూడా ఒక పని చేసిపెట్టింది. దాన్ని చించలేదు. అదిప్పుడు కూడా ఈ గదిలోనే ఉంది, అట్టల మధ్య, శుభ్రంగా, ఎవరినీ బాధపెట్టకుండా. హాల్లో కిటికీ పక్క గోడమీద తన పేరున్న చీటీ పైన జాగా ఖాళీగా ఉంది. కావాలంటే ఇప్పుడే వెళ్ళి దాన్ని అక్కడ తగిలించవచ్చు. అమ్మ చూస్తుంది, మురుస్తుంది, పక్కావిడ "మీరేనా!" అంటుంది, అందరూ సుఖంగా ఇంటికి పోతారు. ఊఁ మాస్టారు ఒక పొట్టి ఊఁ అంటాడు. పోనీ, అననీ.

ఈసారి చెయ్యి మోసం చేయకుండా ఉండాలని, చెక్కి ఇంకు పూసి అచ్చు వేసే లినో పలక తీసుకుంది. ఉలితో చెక్కేటప్పుడు చెయ్యి ఇష్టమొచ్చినట్టు పోలేదు, పోతే వేలు తెగుతుంది. మెత్తటి లినో చుట్టలు చుట్టలుగా లేస్తుంటే ఆ త్రికోణాన్ని త్రికోణంగానే చెక్కింది, మూతపడని కంటి గీతను గీతగానే వదిలింది. రోలరుతో ఇంకు పూసి, కాగితం వేసి, ప్రెస్సు తిప్పి, మూల పట్టుకుని మెల్లగా లేపి చూసుకుంటే ఎడమవైపు ఉండాల్సిన అమ్మ వాలిన పెదవి కుడివైపుకు వచ్చింది. అచ్చు వేసేదేదైనా తిరగబడుతుందని మొదటి క్లాసులో మొదటి మాటగా చెబుతారు. చెక్కేముందు బొమ్మను తిరగేసి పలకమీద వేసుకోవాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తొందర మాత్రం మర్చిపోయింది, పేరు నిలబెట్టుకుంది. అక్క ఒకరోజు గది ఊడుస్తూ ఒక అచ్చు చూసి, చీపురు పట్టుకునే చాలాసేపు నిలబడిపోయింది. "అమ్మలాగే ఉందే. కానీ అమ్మ కాదు. అమ్మ చెల్లెలెవరన్నా ఉంటే ఇలా ఉండేదేమో," అంది. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మకు చూపించావా?" అంది. లేదంటే, "చూపించకు," అంది. చూపించడమా, చూపించకపోవడమా, ఈ రెంటిలో ఏది ప్రేమో ఇప్పటికీ తేలలేదు. మళ్ళీ చెక్కే ఓపిక లేక తొందర వేరే దారి పట్టింది. కాల్చినా పోని నీలిరంగుతో అదే పలకను పలచటి టిష్యూ కాగితం మీద అచ్చువేసి, ఆ కాగితాన్ని పచ్చిమట్టి పలక మీద బోర్లించి, చెంచా వెనకతో రుద్దింది. కాగితం ఊడదీస్తే తిరగబడ్డది మళ్ళీ తిరగబడి సరైన వైపుకు వచ్చింది. ఎడమ ఎడమకే. అమ్మ అమ్మగా. అప్పుడు మాత్రం చేతిలో చెంచా ఆగిపోయి, "అమ్మా," అని పైకే అనేసింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

అది ఇప్పుడు ఆ మూత కింద ఉంది. పైన పూసిన గ్లేజు గాజులా కరిగిందో, రంగు మాడిందో, ముఖం నిలిచిందో లేదో మూత ఎత్తితే తప్ప తెలియదు. ముల్లు ఎర్రగీతకు ఇంకా పైనే ఉంది. తొందర లేచి నిలబడింది. మూత గొళ్ళెం మీద చెయ్యి వేసింది, వెచ్చగా ఉంది. ఇప్పుడు ఎత్తితే? ఒక్కసారి, బారెడు కూడా అక్కర్లేదు, బెత్తెడు ఎత్తితే చాలు, పైన పంకా తిరుగుతూనే ఉంది. టప్పుమంటుంది. ఎవరూ అడగరు. తొందర మళ్ళీ తొందరపడిందట అని నవ్వుకుంటారు, అక్క నెత్తిన మొడుతుంది, ఊఁ మాస్టారు పొడుగ్గా నిట్టూరుస్తాడు. అమ్మ "పోనీలే, ఇంకోటి చేద్దువు" అంటుంది. ఏం చేయాలో తను తేల్చుకోనక్కర్లేకుండా గాలే తేల్చేస్తుంది. నింపాదిగా, చల్లగా, పక్కింటివాళ్ళ సంగతి ఆలోచించినట్టు ఆలోచించింది ఇదంతా. ఎంత తేలిక! పేరు పెట్టినప్పుడు అక్కకు తెలియదు, ఒకనాటికి అది ఇంత అక్కరకొస్తుందని. గొళ్ళెం సగం జరిపింది.

"ఎక్కడున్నావే?"

అమ్మ గొంతు. తలుపు దగ్గర అమ్మ, ముదురాకుపచ్చ చీరలో, భుజాన సంచితో, ఎడమ భుజం తలుపు చెక్కకు ఆనించి. తొందర చెయ్యి గొళ్ళెం మీదినుంచి కిందికి జారిపోయింది.

"నాన్నా అక్కా హాల్లో కూర్చున్నారు. అక్కడంతా జనం. ఇటువైపు ఎవరూ లేరన్నారని వచ్చేశా," అంది అమ్మ. లోపలికి అడుగు వేసి, కూర్చోవడానికి ఎక్కడైనా గోడ పక్కన జాగా ఉందా అని అలవాటుగా కళ్ళతో వెతికింది. వెతుకుతున్న కళ్ళు తీగ దగ్గర ఆగాయి. అక్కడ వరసగా వేలాడుతున్నది అమ్మే. పంకా చప్పుడు పెద్దదైపోయింది, ఒక అచ్చు ఊగి అమ్మ వైపు తిరిగి మళ్ళీ పక్కకు తిరిగింది. అమ్మ దగ్గరికి వెళ్ళి, కాగితం అంచును రెండు వేళ్ళతో పట్టుకుని ఆపి, చూసింది. ముఖంలో ఏమీ మారలేదు, మారినా ఒకవైపే మారుతుంది, ఆ వైపు అటుపక్కన ఉంది.

"కుర్చీ అన్నావు," అంది అమ్మ.

"అబద్ధం చెప్పానమ్మా."

"తెలుసు. కుర్చీని అంతసేపు ఎవరు చూస్తారు?" కాగితాన్ని వదల్లేదు. "ఇది నేనే. రోజూ బొట్టు పెట్టుకునేటప్పుడు అద్దంలో కనబడే మొహమే ఇది. అక్క మాత్రం, నాలా లేదు, కంగారు పడొద్దంది దార్లో."

అక్క చెప్పేసిందన్నమాట. తెలిసే వచ్చిందన్నమాట. తొందరకు కోపం రావాలి, రాలేదు, గోడ పక్క స్టూలు మీద కూర్చుంది. అద్దంలో కనబడే మొహం! తను మర్చిపోయి చేసిన తప్పు, అచ్చంగా అమ్మ చూసుకునే అమ్మే. అద్దం కుడి ఎడమలను తిప్పేస్తుంది కదా, ఇన్నేళ్ళూ అమ్మకు తెలిసిన ముఖం ఈ తిరగబడ్డదే. ఫొటోలు దిగడం మానేసిన మనిషికి రెండో ముఖం ఎలా తెలుస్తుంది?

"లోపల ఇంకోటి ఉంది. అది ఇలా ఉండదు. మాకు నువ్వు ఎలా కనబడతావో అలా ఉంటుంది," అంది తొందర. "నీకు ఇష్టం లేకపోతే పెట్టను. వేరే బొమ్మ ఉంది. అందులో... నోరు మామూలుగా ఉంటుంది."

అమ్మ ఆ వేరే బొమ్మ ఏదని అడగలేదు. "తియ్యి ఐతే," అంది బట్టీ వైపు చూస్తూ.

"ఇప్పుడే తీస్తే పగులుతుంది. ముల్లు ఆ ఎర్రగీత దాటాలి."

"దాటనీ. నాకేం పనుంది?"

గోడవైపు స్టూలు ఒక్కటే, దానిమీద తొందర కూర్చుని ఉంది. లేవబోతే అమ్మ వద్దని, తిరగేసిన బకెట్టు మీద ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ముల్లును చూశారు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి కూతురికిచ్చింది. ఈ మట్టి ఎక్కడినుంచి వస్తుంది, ఇంత కరెంటు కాలుస్తారా, మీ మాస్టారు నిజంగా ఊఁ అనే అంటాడా అని అడిగింది. తొందర ఒక పొట్టి ఊఁ, ఒక పొడుగు ఊఁ అని చూపిస్తే నవ్వింది. సగం నవ్వు. ఎదురుగా ఉంది కాబట్టి నవ్వని ఆ రెండో సగం కూడా కనబడింది, త్రికోణం వచ్చింది, పోయింది. ఈసారి తొందర చూపు తిప్పుకోలేదు. చూస్తూ ఉంటే లెక్కగా అంచులే కనబడుతున్నాయి, నిజమే, అయినా ఆ అంచులు ఇంకెవరివీ కావు. తనలో ఏదో తక్కువైందేమో అని భయపడింది గానీ, అసలు ఏదీ తక్కువ కాలేదేమో. అంతసేపు కుర్చీని ఎవరు చూస్తారు?

ముల్లు గీత దాటింది. చూస్తుండగానే దాటింది. అయినా తొందర వెంటనే లేవలేదు, ఇంకాసేపు ఆగింది. అమ్మే, "ఏమే, నువ్వేనా?" అని ఎగతాళి చేసింది. గొళ్ళెం తీసి, మూత ఎత్తి, వెచ్చటి గాలి ముఖానికి తగులుతుంటే, తువ్వాలుతో పలకను పైకి తీసింది. ఏ చప్పుడూ రాలేదు. నీలం నిలిచింది. పెదవి మూల దగ్గర మాత్రం వేడికి రంగు కొద్దిగా కరిగి కిందికి సాగింది. తొందర దాన్ని తువ్వాలుతో సహా అమ్మ ఒడిలో పెట్టింది.

అమ్మ పలకను చేతులు చాచినంత దూరంలో పట్టుకుని చూసింది, దగ్గరికి తెచ్చి చూసింది, మళ్ళీ దూరంగా పెట్టింది. కౌంటర్లో ఉన్నప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూసిన పద్ధతి అది.

"ఇదా మీకు రోజూ కనబడేది?"

"ఇదే."

"చెవులు ఎగుడుదిగుడుగా వేశావు."

"అలాగే ఉంటాయి కదా."

"ఊఁ." వేలితో పెదవి మూల సాగిన నీలాన్ని తాకింది. "ఇక్కడ జారింది."

"వేడికి జారిందమ్మా. మనం చేసేదేం లేదు."

"నాకు మాత్రం ఎవరేం చేయగలిగారు?" అంది అమ్మ. ఆ ముఖం మీదినుంచి కళ్ళు తీయకుండానే, మెల్లగా అంది. "ఇంకా ఘోరంగా ఉంటానేమో అనుకున్నానే ఇన్నాళ్ళూ. ఈవిడ బానే ఉంది కదా, పాపం."

తొందర ఏడ్చింది. ఎందుకో తనకు తెలుసు, అమ్మకూ తెలుసు. ముక్కు తుడుచుకుని, పలకను తువ్వాలులో చుట్టి రెండు చేతులతో పొట్టకు హత్తుకుంది. ఇద్దరూ హాలుకు వెళ్ళే వరండాలోకి వచ్చారు. కుడివైపు పొడుగాటి గోడ, ఎడమవైపు అంతా తెరిచే ఉంది, అటునుంచే జనం వస్తూ పోతూ ఉన్నారు, పిల్లలు పరుగెత్తుతున్నారు, ఎవరో నిచ్చెన మోసుకుపోతున్నారు. తొందర ఎప్పటిలాగే అమ్మ ఎడమ పక్కకు చేరింది. నాలుగడుగులు నడిచాక అమ్మ ఆగింది.

"ఇటు రా."

"ఎటు?"

"గోడవైపు. ఎవరి మోచెయ్యన్నా తగిలిందంటే పోతుందది," అని కూతురి భుజం పట్టుకుని గోడవైపు జరిపి, అమ్మ జనం వస్తున్న వైపుకు మారి నడవసాగింది.